కాంతిని కొలిచే పరికరాలు, కొలతను కాపాడే ఇంజనీరు: వ్యవసాయ పరిశోధకులకు కొన్ని పాఠాలు

సారాంశం

ఆకులోని పత్రహరితం, పైరు పచ్చదనం, పొలంపై పడే కాంతి, చెరకు రసంలో కరిగి ఉన్న ఘనపదార్థాలు మొదలైన వాటిని నేడు దృక్ సాధనాలతో కొలుస్తున్నాము. ఆ అంకెల ఆధారంగా రైతుకు ఎరువు మోతాదు, కోత సమయం చెబుతున్నాము. అయితే తెరపై అంకె కనిపించే లోపు కాంతి పరికరంలో అనేక మజిలీలు దాటుతుంది. ప్రతి మజిలీలోనూ దోషం చేరే అవకాశం ఉంది. ఆ దోషాలను ముందే ఊహించి, కొలిచి, తగ్గించడం విశ్వవిద్యాలయంలో శాస్త్రీయ పరికరాలపై పనిచేసే దృశా ఇంజనీరు వృత్తి. ఆ వృత్తి స్వరూపాన్ని, దాని నుంచి సేద్య శాస్త్ర విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించవలసిన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

1. ఉపోద్ఘాతం

తూకపు రాళ్లు సరిగా ఉన్నాయో లేదో చూడకుండా ఏ రైతూ ధాన్యం అమ్మడు. కాటా ముల్లు మధ్యకు వచ్చిందో లేదో చూసిన తరువాతే బస్తా ఎక్కిస్తాడు. ప్రయోగశాలలో మనం మాత్రం స్పెక్ట్రోఫోటోమీటరు మీట నొక్కి, వచ్చిన అంకెను నోటు పుస్తకంలోకి ఎక్కిస్తాము. పరికరం ఖరీదైనది కాబట్టి అంకె నిజమని నమ్ముతాము.

సేద్య శాస్త్ర పాఠ్యప్రణాళికలో ప్రయోగ రచన, గణాంక విశ్లేషణ వివరంగా బోధిస్తాము. మడుల మధ్య తేడాను, పునరావృత్తుల మధ్య తేడాను వేరుచేయడం విద్యార్థికి నేర్పుతాము. కానీ అన్ని మడులలోనూ ఒకే విధంగా తప్పు చూపే పరికరాన్ని ఏ గణాంక పద్ధతీ పట్టుకోలేదు. పునరావృత్తులు ఎన్ని పెంచినా అది బయటపడదు. దాన్ని పట్టుకోవలసినది పరికరం వద్దనే. అక్కడ మనకు తోడుగా నిలిచే వ్యక్తి దృశా ఇంజనీరు.

2. దృశా ఇంజనీరు చేసే పని

కాంతి సాధనం ఏదైనా అందులో సాధారణంగా ఐదు మజిలీలు ఉంటాయి: కాంతి జనకం, కాంతిని మలిచే కటకాలు లేక దర్పణాలు, కొలవవలసిన నమూనా, కావలసిన తరంగదైర్ఘ్యాన్ని ఎంచే ఫిల్టరు లేక గ్రేటింగు, చివరగా కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే డిటెక్టరు. వీటి క్రమం పరికరాన్ని బట్టి మారవచ్చు. పొలంలో వాడే కొన్ని సాధనాలకు సూర్యుడే కాంతి జనకం.

విశ్వవిద్యాలయంలోని దృశా ఇంజనీరు ముందుగా శాస్త్రవేత్త అవసరాన్ని అంకెలలోకి మారుస్తాడు. ‘ఆకు పచ్చదనం కొలవాలి’ అని మనం అంటే, ‘ఏ తరంగదైర్ఘ్యం వద్ద, ఎంత వెడల్పు పట్టీలో, ఎంత చిన్న తేడా తెలియాలి, ఎండలోనా నీడలోనా’ అని అతడు అడుగుతాడు. తరువాత కంప్యూటరులో కాంతి కిరణాల మార్గాన్ని గీసి, కటకం కొద్దిగా పక్కకు జరిగినా, వంగినా ఫలితం ఎంత మారుతుందో లెక్కిస్తాడు. పరికరం తయారైన తరువాత అమరిక, పరీక్ష, క్రమాంకనం అతని బాధ్యతే.

ఈ పనిలో పెద్ద భాగం అక్కరలేని కాంతిని ఆపడంతోనే గడుస్తుంది. గొట్టాల లోపల నల్లరంగు పూయడం, అడ్డుపలకలు పెట్టడం, కటకాలపై పరావర్తనాన్ని తగ్గించే పూత వేయించడం అందుకే. ఉష్ణోగ్రత మరొక శత్రువు. ఎరుపు ఎల్‌ఈడీ వేడెక్కితే దాని కాంతి పొడవైన తరంగదైర్ఘ్యం వైపు కొద్దిగా జరుగుతుంది, ప్రకాశం కూడా తగ్గుతుంది. ఉదయం నీడలో సరిచూసిన పరికరం మే నెల మధ్యాహ్నపు ఎండలో అదే పరికరం కాదు.

3. జేనా నుంచి చెరకు తోట వరకు

విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు పరికరాల కార్యశాలలోకి అడుగుపెడితే ఏమి జరుగుతుందో చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ జర్మనీలోని జేనా పట్టణానిది. అక్కడ కార్ల్ జైస్ 1846లో కార్యశాల ప్రారంభించాడు. ఆ రోజుల్లో సూక్ష్మదర్శిని కటకాలను అనుభవంతో, మార్చి మార్చి చూసి తయారుచేసేవారు. ఒకటి బాగా కుదిరితే మరొకటి కుదిరేది కాదు. 1866లో జైస్ జేనా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తున్న ఎర్న్‌స్ట్ అబేను తోడు తెచ్చుకున్నాడు. కటకాన్ని ముందు లెక్కించి తరువాత తయారుచేయడం అబేతో స్థిరపడింది. కాంతి తరంగ స్వభావం వల్ల సూక్ష్మదర్శినికి దాటరాని హద్దు ఉంటుందని ఆయన 1873లో ప్రచురించాడు. తగిన గాజు లేక పని ఆగిన చోట, రసాయన శాస్త్రజ్ఞుడు ఒట్టో షాట్‌తో కలిసి 1884లో గాజు ప్రయోగశాల నెలకొల్పారు.

అబే 1874లో వెలువరించిన గ్రంథంలో వివరించిన సాధనం వక్రీభవన మాపకం, అంటే రిఫ్రాక్టోమీటరు. నేడు చెరకు తోటలో మనం చేతబట్టి బ్రిక్స్ చూసే చిన్న గొట్టం దాని సంతతే. గాజు పట్టకంపై రసపు చుక్క వేస్తే, సందిగ్ధ కోణం వద్ద వెలుగు, చీకటి విడిపోయి గీత కనిపిస్తుంది. రసం చిక్కబడితే వక్రీభవన గుణకం పెరిగి గీత జరుగుతుంది.

ఈ చిన్న సాధనంలోనూ మన పాఠం ఉంది. బ్రిక్స్ కొలబద్ద సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు గీసినది. ద్రవం వేడెక్కితే వక్రీభవన గుణకం తగ్గుతుంది. 30 డిగ్రీల వద్ద, ఉష్ణోగ్రత సవరణ లేని పరికరంలో, చెరకు రసానికి రీడింగు దాదాపు 0.7 నుంచి 0.8 బ్రిక్స్ తక్కువ చూపుతుంది. ఉదయం ఒక రకాన్ని, మధ్యాహ్నం మరొక రకాన్ని చూసి, రెండో రకంలో బ్రిక్స్ తక్కువని రాసుకుంటే అది రకం దోషం కాదు, ఎండ దోషం.

4. ఒక అనుభవం: ఆగినది పైరా, పరికరమా?

సుమారు పదిహేనేళ్ల క్రితం నా పర్యవేక్షణలో ఒక విద్యార్థిని వరిలో నత్రజని మోతాదులపై పరిశోధన చేసింది. ఆకుల్లోని పత్రహరితాన్ని 80 శాతం ఎసిటోన్‌లోకి తీసి, 645, 663 నానోమీటర్ల వద్ద శోషణాంకం చదవడం మేము అనుసరించిన పద్ధతి. ఆర్నన్ 1949లో ప్రచురించిన ఆ పద్ధతి వ్యవసాయ విద్యార్థులందరికీ పరిచితమే. హెక్టారుకు 120 కిలోల నత్రజని వరకు పత్రహరితం పెరిగింది. ఆపైన 160 కిలోల వద్ద గ్రాఫు చదునుగా మారింది. మాకు అది చక్కని ఫలితంగా తోచింది. 120 కిలోలకు మించి వేసిన నత్రజనిని ఆకు వినియోగించుకోవడం లేదన్న వాక్యం థీసిస్ ముసాయిదాలో చేరింది. విస్తరణ విభాగానికి పంపే పత్రంలో కూడా చేరవలసి ఉంది.

ఆ సమయంలో మరొక పరికరం మరమ్మతు కోసం ఒక విశ్వవిద్యాలయపు పరికరాల కేంద్రం నుంచి దృశా ఇంజనీరు ఒకరు వచ్చారు. బల్లపై ఉన్న గ్రాఫు చూసి, “అమ్మా, ఇక్కడ ఆగింది పైరా, పరికరమా?” అని అడిగారు. “అన్నిటికంటే చిక్కటి ద్రావణాన్ని సరిగ్గా సగానికి పలుచన చేసి మళ్లీ చదవండి” అన్నారు.

చిక్కటి ద్రావణానికి శోషణాంకం 1.70 వచ్చింది. సగానికి పలుచన చేస్తే 0.85 రావాలి. వచ్చినది 0.96. పలుచన చేయడంలో పొరపాటు జరిగిందేమోనని మూడుసార్లు చేశాము. ప్రతిసారీ అంతే.

ఆయన కాగితంపై లెక్క వేసి చూపారు. పరికరంలో ఎంచుకున్న తరంగదైర్ఘ్యం కాని కాంతి 1 శాతం డిటెక్టరుకు చేరుతున్నదని అనుకుందాం. ఆ కాంతిని పత్రహరితం పెద్దగా పీల్చుకోదు. నిజమైన శోషణాంకం 2 అయితే నమూనా గుండా వచ్చేది 1 శాతం కాంతి. దానికి దారి తప్పిన 1 శాతం కలిస్తే 2 శాతం. ఖాళీ గొట్టంతో చూసిన ప్రమాణం 101 శాతం. ఈ నిష్పత్తికి శోషణాంకం 1.70. అదే ద్రావణాన్ని సగం చేస్తే నిజమైన శోషణాంకం 1, వచ్చే కాంతి 10 శాతం, 1 శాతం కలిస్తే 11, శోషణాంకం 0.96. అంటే పలుచని ద్రావణంలో స్వల్పంగా ఉండే దోషం, చిక్కటి ద్రావణంలో పెద్దదవుతుంది. పత్రహరితం ఎక్కువైన కొద్దీ పరికరం దాన్ని తక్కువ చేసి చూపుతుంది. గ్రాఫు చదునవుతుంది.

పరికరం మూత తెరిస్తే లోపలి దర్పణంపై సన్నని బూజు పొర కనిపించింది. కోస్తా తేమకు, సెలవుల్లో నెలల తరబడి కట్టేసిన గదికి అది సహజం. ఆ పొరపై పడిన కాంతి అన్ని దిక్కులకూ చెదిరి, కొంత డిటెక్టరుకు చేరుతోంది.

పరికరం బాగుపడింది. పోయిన నమూనాలు మాత్రం తిరిగి రాలేదు. ఎసిటోన్‌లోకి తీసిన పత్రహరితం వెలుతురుకు, కాలానికి నిలువదు. అధిక మోతాదు మడుల ఫలితాలను ఆ ఖరీఫ్‌కు పూర్తిగా పక్కనపెట్టాము. మరుసటి ఖరీఫ్‌లో శోషణాంకం 1 లోపు ఉండేటట్లు పలుచన చేసి కొలిచినప్పుడు 120, 160 కిలోల మధ్య తేడా స్పష్టంగా కనిపించింది. పత్రహరితం పెరిగినంత మాత్రాన ధాన్యం పెరగదు. ఎరువు సిఫారసుకు ధాన్యపు దిగుబడి, ఖర్చు ఆధారం కావాలి, మా సిఫారసు వాటిపైనే నిలిచింది. కానీ ఆకు వినియోగం గురించి మేము రాసిన వాక్యం అబద్ధం. ఆ విద్యార్థిని థీసిస్ ఒక సంవత్సరం ఆలస్యమైంది. చివరి నెలలు ఆమె ఉపకార వేతనం లేకుండా గడిపింది. రీడింగుల పుస్తకంలో ప్రతి పేజీకి సంతకం చేసినది నేను. పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారని ఒక్కసారి కూడా అడగని తప్పు కూడా నాదే.

5. భాగిస్తే పోయే దోషం, పోని దోషం

ఈ అనుభవంలోని సూత్రం పొలంలో వాడే సాధనాలకూ వర్తిస్తుంది. ఆరోగ్యవంతమైన ఆకు ఎరుపు కాంతిని పత్రహరితం వల్ల ఎక్కువగా పీల్చుకుంటుంది. సమీప పరారుణ కాంతిని ఆకు లోపలి కణజాల నిర్మాణం వల్ల ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ సూచిక.

ఒక పైరు ఎరుపులో 5 శాతం, పరారుణంలో 45 శాతం పరావర్తనం చూపిందనుకుందాం. తేడా 40, మొత్తం 50, సూచిక 0.80. ఇప్పుడు డిటెక్టరు కిటికీపై పడిన దుమ్ము రెండు పట్టీలనూ సమానంగా 10 శాతం తగ్గించిందనుకుందాం. విలువలు 4.5, 40.5 అవుతాయి. తేడా 36, మొత్తం 45, సూచిక మళ్లీ 0.80. గుణకంగా చేరిన దోషం భాగహారంలో కొట్టుకుపోయింది.

అదే పరికరంలో దారి తప్పిన కాంతి రెండు పట్టీలకూ 3 శాతం చొప్పున కలిసిందనుకుందాం. విలువలు 8, 48. తేడా 40, మొత్తం 56, సూచిక 0.71. పైరు మారలేదు, సూచిక మాత్రం 0.80 నుంచి 0.71కి దిగింది. ఆ అంకె చూసిన విస్తరణ శాస్త్రవేత్త నత్రజని లోపమని భావించి పైపాటు ఎరువు చెప్పవచ్చు. ఆ ఖర్చు భరించేది రైతు. అధిక నత్రజనితో పడిపోయే పైరు, పెరిగే చీడపీడలు కూడా అతనివే.

కాబట్టి నిష్పత్తి తీసుకున్నాము కదా, దోషాలన్నీ పోతాయి అనుకోకూడదు. కూడికగా చేరే దోషాన్ని తీసివేతతోనే తొలగించాలి. అందుకు కాంతి లేనప్పుడు పరికరం ఎంత చూపుతుందో తెలియాలి.

6. ఓక్లహామా పాఠం: పొలమే క్రమాంకన ఫలకం

ఈ తీసివేతను పొలంలో సాధించిన ఉదాహరణ అమెరికాలోని ఓక్లహామా రాష్ట్ర విశ్వవిద్యాలయానిది. సేద్య శాస్త్రజ్ఞుడు విలియం రాన్, వ్యవసాయ ఇంజనీర్లు మార్విన్ స్టోన్, జాన్ సోలీ, వారి సహచరులు 1990 దశకంలో పైరు పచ్చదనాన్ని చదివి ఎరువు మోతాదు నిర్ణయించే కాంతి సెన్సర్లపై కలిసి పనిచేశారు. ఆ కృషి నుంచి వచ్చినదే నేడు గ్రీన్‌సీకర్ అన్న పేరుతో మనకు తెలిసిన సాధనం.

సూర్యకాంతిపై ఆధారపడే సెన్సరుకు మబ్బు పెద్ద చిక్కు. ఈ సాధనం తన ఎల్‌ఈడీల నుంచి ఎరుపు, పరారుణ కాంతిని తానే పంపుతుంది. ఆ కాంతి అతివేగంగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వెలిగినప్పటి సంకేతం నుంచి ఆరినప్పటి సంకేతాన్ని తీసివేస్తే ఎండ వాటా పోయి, పరికరం పంపి పైరు తిప్పిపంపిన కాంతి మాత్రమే మిగులుతుంది. అందుకే ఇది రాత్రివేళ కూడా పనిచేస్తుంది.

ఇంజనీర్లు ఇంత చేసినా సూచిక ఒక్కటే మోతాదు చెప్పలేదు. రకం, వయసు, నేల, తేమ అన్నీ పచ్చదనాన్ని మారుస్తాయి. ఇక్కడ సేద్య శాస్త్రజ్ఞులు తమ వంతు చేర్చారు. పొలంలో ఒక పట్టీకి నత్రజని కొరత లేకుండా ముందే సమృద్ధిగా వేస్తారు. తరువాత ఆ పట్టీ సూచికను మిగతా పొలం సూచికతో పోలుస్తారు. రెండూ 0.80 అయితే ప్రస్తుతానికి అదనపు నత్రజనికి స్పందన ఆశించలేము. పట్టీ 0.80, పొలం 0.64 అయితే నిష్పత్తి 1.25, పైరు నత్రజని కోసం చూస్తున్నదని అర్థం. సెన్సరుతో మోతాదు మార్చి వేస్తే గోధుమలో నత్రజని వినియోగ సామర్థ్యం 15 శాతానికి పైగా మెరుగుపడిందని ఈ బృందం 2002లో ప్రచురించింది.

దృశా ఇంజనీరు ప్రయోగశాలలో తెల్లని ప్రమాణ ఫలకాన్ని ముందు చూసి, తరువాత నమూనాను చూస్తాడు. సమృద్ధ నత్రజని పట్టీ సేద్య శాస్త్రజ్ఞుని ప్రమాణ ఫలకం. పోల్చడానికి ప్రమాణం లేని కొలత కొలత కాదన్న ఒకే సూత్రాన్ని ఇద్దరూ తమ తమ భాషల్లో పాటించారు. ఇద్దరూ ఒకే ప్రాంగణంలో ఉండి, ఒకరి పొలంలో మరొకరు నడవడం వల్లనే ఇది సాధ్యమైంది.

7. పాటించవలసిన పరీక్షలు

కింది పరీక్షలకు కొత్త పరికరం అవసరం లేదు. కొద్ది సమయం కేటాయిస్తే చాలు.

1) పలుచన పరీక్ష: ప్రతి సీజను ఆరంభంలో చిక్కటి ద్రావణాన్ని సగానికి పలుచన చేయండి. శోషణాంకం సగం కాకపోతే పరికరాన్ని తెరిపించండి. సాధారణ పరికరాల్లో రీడింగును 1 లోపు ఉంచుకోవడం క్షేమం.

2) తరంగదైర్ఘ్య పరీక్ష: దీపం మార్చిన ప్రతిసారీ చేయాలి. హోల్మియం ఆక్సైడు గాజు ఫిల్టరుతో గాని, డ్యుటీరియం దీపం ఉన్న పరికరంలో 656.1 నానోమీటర్ల గీతతో గాని సరిచూడవచ్చు. 663 వద్ద పత్రహరిత శిఖరం సన్ననిది. స్కేలు కొద్ది నానోమీటర్లు జరిగినా విలువ పడిపోతుంది.

3) ఖాళీ రీడింగు: రిఫ్రాక్టోమీటరును పరిశుద్ధ జలంతో సున్నాకు తేవాలి. స్పాడ్ మీటరును ఆన్ చేసినప్పుడు ఆకు లేకుండా మూసి క్రమాంకనం చేయాలి. ఆ మీటరు ఒకసారి చదివేది 2 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల పొడవు గల చోటు మాత్రమే. కాబట్టి మధ్య ఈనెను తప్పించి, అనేక ఆకుల సగటు తీసుకోవాలి.

4) సమతలం: కిరణజన్య సంయోగక్రియకు తోడ్పడే 400–700 నానోమీటర్ల కాంతిని కొలిచే సెన్సరును నీటిమట్టంగా ఉంచాలి. సూర్యుడు నడినెత్తి నుంచి 60 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు సెన్సరు సూర్యుని వైపు 5 డిగ్రీలు వంగితే, సూటిగా పడే కాంతి రీడింగు దాదాపు 15 శాతం ఎక్కువ చూపుతుంది.

5) తెల్ల ఫలకం: దీన్ని చేతితో తాకకూడదు. ఎర్రనేల దుమ్ము పడితే ఫలకం అన్ని రంగుల్లో సమానంగా మాయదు. అందువల్ల ఆ దోషం నిష్పత్తిలో పూర్తిగా పోదు.

6) పత్రవర్ణ పటం: ఇది కూడా దృక్ సాధనమే, డిటెక్టరు మన కన్ను. ఎండ నేరుగా పడకుండా మన నీడలో, ఒకే వ్యక్తి, రోజూ ఒకే వేళలో చూడాలి. 10 ఆకుల్లో 6 లేదా అంతకంటే ఎక్కువ నిర్ణీత రంగు కంటే పాలిపోయి ఉంటేనే నత్రజని చెప్పాలి. ఏళ్ల తరబడి ఎండలో ఉండి వెలిసిన పటాన్ని పక్కన పెట్టాలి.

7) పరికర దినచర్య: ప్రతి పరికరం పక్కన ఒక పుస్తకం ఉండాలి. క్రమాంకనం చేసిన తేదీ, చేసినవారి పేరు, గది ఉష్ణోగ్రత, దీపం మార్చిన రోజు అందులో రాయాలి. థీసిస్‌లో ‘పదార్థాలు, పద్ధతులు’ అధ్యాయంలో పరికరం పేరుతో పాటు ఈ వివరాలు కూడా చేరాలి.

8. ముగింపు

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పరికరాల కొనుగోలుకు కమిటీలు ఉన్నాయి. కొన్న తరువాత వాటి కాంతి మార్గాన్ని చూసేవారు అరుదు. వారంటీ ముగిశాక పరికరం పనిచేస్తున్నదన్న మాటకు తెర వెలుగుతున్నదని మాత్రమే అర్థం. ప్రాంగణానికి ఒక్క దృశా ఇంజనీరైనా ఉండి, అన్ని విభాగాల పరికరాలను సీజనుకొకసారి సరిచూస్తే అనేక ప్రయోగాల విలువ నిలుస్తుంది. అది వెంటనే సాధ్యం కాని చోట సమీపంలోని సాధారణ విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర, పరికర సాంకేతిక విభాగాలతో ఒప్పందం కుదుర్చుకోవచ్చు. వ్యవసాయ ఇంజనీరింగు, సేద్య శాస్త్ర విద్యార్థులు ఒక్క వారమైనా పరికరాల కార్యశాలలో గడిపేటట్లు పాఠ్యప్రణాళికను సవరించవచ్చు.

అంతవరకు మనలో ప్రతి ఒక్కరూ పాటించదగిన నియమం ఒకటి ఉంది. గ్రాఫు మనం ఆశించిన విధంగా వచ్చినప్పుడే పరికరాన్ని మరొకసారి సరిచూడాలి. ఆశించని ఫలితాన్ని ఎలాగూ తిరిగి పరీక్షిస్తాము. ఆశించిన ఫలితమే పరీక్ష లేకుండా రైతు పొలం వరకు చేరిపోతుంది.